చెక్కు ఎవరి పేరున?

ఆర్కాన్సా రాష్ట్రం తూర్పు అంచున, మిసిసిపీ నదికి పడమట ఉన్న పల్లపు నేలలో పాయిన్‌సెట్ కౌంటీ ఉంది. అమెరికాలో పండే వడ్లలో దాదాపు సగం ఆర్కాన్సావే. ఆ రాష్ట్రంలో వరి బాగా పండే కౌంటీల్లో ఇదొకటి. మేముండే జోన్స్‌బరో దీని పక్క కౌంటీలో ఊరు. మావారు ఇక్కడ ఒక బ్యాంకులో రైతుల పంట అప్పులు చూస్తారు. మా తమ్ముడు కోనసీమలో సొంతం ఒక ఎకరం, కౌలుకి ఎనిమిదెకరాలు చేస్తాడు. దాళ్వా మాసూళ్లు అయిపోయాక, సార్వా పనులు అందుకునేలోపు నన్ను చూసిపోదామని వచ్చాడు. చూడ్డానికొచ్చింది నన్నే గానీ మాట్లాడిందంతా బావగారితోనే. అదీ ఒక్క విషయం మీదే: ఈ దేశంలో రైతుకి ప్రభుత్వం ఇచ్చే డబ్బు.

నేను మధ్యస్థం చెయ్యలేదు. కాఫీలు అందించాను, అప్పుడప్పుడు నోరు చేసుకున్నాను. నా మొగ్గు ఎటో చదివేవాళ్లకి తెలిసిపోతుంది, దాచను.

తమ్ముడు: పొద్దుట్నించీ చూస్తున్నాను బావగారూ, చేలో మనిషన్నవాడు కనపడలేదు.

మావారు: ఇక్కడ ఊడ్పులుండవోయ్. పొడి దుక్కిలో డ్రిల్లుతో విత్తేస్తారు. మొక్క అయిదాకులేశాక నీళ్లు పెడతారు. యూరియా విమానం చల్లిపోతుంది. తండ్రీకొడుకులూ ఇంకో ఇద్దరు జీతగాళ్లూ ఉంటే రెండు మూడు వేల ఎకరాలు లాగేస్తారు.

తమ్ముడు: మూడు వేల ఎకరాలు చేసేవాణ్ణి మా దగ్గర జమీందారంటారు. అలాంటాయనకి గవర్నమెంటు ఎదురు డబ్బులిస్తుందా?

మావారు: జమీందారు కాదు, అప్పులవాడు. హార్వెస్టరు ఒక్కటే అయిదు లక్షల డాలర్ల పైమాట. వరికి ఎకరా పెట్టుబడి వెయ్యి డాలర్లకి అటూ ఇటూ. ఫిబ్రవరిలో వచ్చి నా బల్ల ముందు కూర్చుంటాడు. సెప్టెంబరులో ధర ఎంతుంటుందో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. అందుకని చట్టంలో వడ్లకి ఒక ధర రాసిపెట్టారు, రిఫరెన్స్ ప్రైస్ అని. ఏడాది సగటు బజారు ధర దానికంటే పడిపోతే తేడా ప్రభుత్వం ఇస్తుంది. పడకపోతే పైసా ఇవ్వదు. ఈ ఏర్పాటు 2014 చట్టంతో వచ్చింది. అది లేకపోతే ఆయన అప్పు కాగితం మీద నేను సంతకం పెట్టలేను.

తమ్ముడు: ఎంత రాశారేంటి?

మావారు: 100 పౌండ్లకి 14 డాలర్లుండేది. 2025 జూలైలో వచ్చిన చట్టంతో 16.90 చేశారు.

తమ్ముడు ఫోను తీశాడు. వాడు ఏ లెక్కా నోటితో ఒప్పుకోడు. 100 పౌండ్లంటే 45 కిలోల 360 గ్రాములు. ఆ లెక్కన క్వింటాలుకి 37 డాలర్ల పైచిలుకు. డాలరుకి 88 రూపాయలు వేసుకున్నా 3,270 దాటింది.

తమ్ముడు: మాకు 2025-26లో ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర 2,389. ఇక్కడి వాళ్లేమో ఇండియాలో రైతుకి ఎక్కువ పెట్టేస్తున్నారని డబ్ల్యూటీవోలో గోల చేస్తున్నారు. బాగుందండి!

మావారు: చేస్తున్నారు. నా ఖాతాదారులు నా మొహం మీదే అంటారు, మీ దేశం బియ్యం చవగ్గా తోసేసి మమ్మల్ని ముంచుతోందని. అందులో నిజం లేకపోలేదు. నువ్వు యూరియా బస్తా ఎంతకి కొంటున్నావు?

తమ్ముడు: 266 రూపాయల యాభై పైసలు. దొరికితే.

మావారు: ఇక్కడ బజారు ధరే. నీకు గోదావరి కాలవ ఉంది. వీళ్లు డీజిలో కరెంటో కాల్చి భూమిలోంచి తోడుకోవాలి. ఇంకోటి విను. 16.90కి ప్రభుత్వం గింజ కూడా కొనదు. నువ్వు రైతు సేవా కేంద్రం ద్వారా తోలితే బస్తా బస్తాకీ మద్దతు ధర కడతారు. ఇక్కడ ‘బేస్ ఎకరాలు’ అని ఉంటాయి, ఎప్పుడో రికార్డులోకెక్కిన వరి ఎకరాలు. వాటిలో 85 శాతానికి, రికార్డులో ఉన్న దిగుబడి చొప్పున తేడా ఇస్తారు. ఒకాయనకి 100 బేస్ ఎకరాలున్నాయనుకో. రికార్డు దిగుబడి ఎకరాకి 6,000 పౌండ్లు, ధరలో తేడా 100 పౌండ్లకి 3 డాలర్లు. 85ని 60తోనూ మూడుతోనూ గుణించు.

తమ్ముడు: 15,300.

మావారు: అదీ ఈ ఏటి పంటకి వచ్చే ఏడాది అక్టోబరులో చేతికొస్తుంది.

తమ్ముడు: ఆగండాగండి. ఎప్పుడో రికార్డులోకెక్కిన ఎకరాలన్నారు. ఈ ఏడు ఆయన వరి మానేసి సోయా వేస్తే?

మావారు: వరి బేస్‌కి వరి డబ్బే వస్తుంది.

తమ్ముడు: వరి వెయ్యకుండానే!

మావారు: వెయ్యకుండానే. వేసిన పంటకే డబ్బని ముడిపెడితే అందరూ ఆ పంటే వేసి ధర ఇంకా పడగొడతారు. అందుకని విడదీశారు.

ఇక్కడ మావారు కాస్త తొందరగా దాటేశారు. ఆ విడదీయడం ఎంత దూరం పోయిందో ఈ దేశంలో పేపరు చదివే వాళ్లందరికీ తెలుసు. 1996 చట్టంతో మొదలుపెట్టి 2014 దాకా, ధర లేచినా పడినా, పాత రికార్డుల్ని బట్టి ఏటా నేరుగా డబ్బులిచ్చేవారు. 2006లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక తవ్వి తీస్తే, 2000 నుంచి అప్పటిదాకా సేద్యమే చెయ్యనివాళ్లకి 130 కోట్ల డాలర్లు ముట్టాయని తేలింది. టెక్సస్‌లో ఎల్ కాంపో ఊరి దగ్గర, ఒకప్పటి వరి భూమిని కొని ఇళ్లు కట్టుకున్నవాళ్లకి కూడా వరి డబ్బు వచ్చింది. చివరికి 2014లో ఏడాదికి 500 కోట్ల డాలర్ల ఆ పద్దు ఎత్తేశారు. బేస్ ఎకరాల్ని మాత్రం అలాగే ఉంచారు. నేనీ మాట అనగానే మావారు “ఎత్తేశారు కదా” అన్నారు, తమ్ముడు “ఉంచారు కదా” అన్నాడు.

తమ్ముడు: మీ 15,300 సంగతి చెప్పండి. చెక్కు ఎవరి పేరున వస్తుంది? భూమి గలాయన పేరునా, దున్నేవాడి పేరునా?

మావారు: ఇదిగో, ఇక్కడ నీకు మా పద్ధతి నచ్చి తీరాలి. నష్టభయం ఎవరిదో చెక్కు వాళ్లది. ఎకరాకి ఇంత అని డబ్బు కౌలు మాట్లాడుకుంటే మొత్తం కౌలుదారుకే, భూస్వామి చెయ్యి పెట్టడానికి లేదు. పంట పంచుకునే కౌలైతే ఇద్దరికీ వాటాల ప్రకారం. ఈ దేశంలో సాగుభూమి నూటికి 39 ఎకరాలు కౌలులోనే ఉంది. అందులో 80 శాతం సొంతంగా సేద్యం చెయ్యనివాళ్లది. అలాంటి వాళ్లలో డబ్బు కౌలుకిచ్చినవాళ్లని చట్టం పక్కకి జరిపి, దున్నేవాణ్ణి గుర్తించింది. మన దగ్గర జరిగిందా అది? తెలంగాణలో 2018లో రైతుబంధు పెట్టారు, ఎకరాకి పంటకి 4,000, తర్వాత 5,000. పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాళ్లకే, ఎన్నెకరాలుంటే అన్నిటికీ. కౌలుదారుకి సున్నా.

తమ్ముడు: అది నేను కాదనను. మరి చెక్కు కౌలుదారుకొచ్చిందని తెలిశాక, భూమి గలాయన వచ్చే ఏడు కౌలు పెంచడా?

మావారు: పెంచుతాడు. దాని మీద పరిశోధన ఉంది. 2009లో అచ్చయిన ఒక అధ్యయనం, కౌలుదారుకొచ్చే సబ్సిడీ డాలరులో పాతిక సెంట్లు కౌలు పెరగడం వల్ల భూస్వామికి చేరుతున్నాయని తేల్చింది. డబ్బంతా భూమి గలవాడికే పోతుందనేది పాఠ్యపుస్తకాల లెక్క. అలా పోలేదు. ముప్పావలా దున్నేవాడి దగ్గరే మిగిలింది.

తమ్ముడు: మా ఊళ్లో ముప్పావలా కాదు కదా, బేడ కూడా మిగలదండి. రెండు పంటలకీ కలిపి ఎకరాకి పాతిక బస్తాలు కౌలు. కళ్లంలో కొలిచి ఇచ్చాకే గింజ మా ఇంటికొచ్చేది. ధాన్యం రేటు కాస్త లేచిందని పేపర్లో పడిందా, ఆ వారంలోనే కబురొస్తుంది, వచ్చే ఏడు ఇంకో బస్తా వేసుకో అని. కాదంటే ఇంకొకడు సిద్ధం. ఇక్కడ మిగిలిందంటే, ఇక్కడ కౌలుకి చేసేవాడు బలవంతుడై ఉండాలి. మూడు వేల ఎకరాలు చేసేవాణ్ణి కాదని భూమి గలాయన ఇంకెవరికిస్తాడు?

ఈ చివరి మాటకి మావారు జవాబు చెప్పలేదు. నాకైతే మొత్తం వాదనలో కీలు అక్కడే ఉందనిపించింది. మావారు చెప్పిన పాతిక సెంట్ల లెక్క చట్టం గొప్పదనమా, కౌలుదారు పెద్దవాడు కావడమా? కౌలురైతు అనే మాట ఇక్కడా అక్కడా ఒకటే అయినా, ఇక్కడ ఆ మాటకి అర్థం అయిదు లక్షల డాలర్ల యంత్రమున్న మనిషి. అక్కడ అయితే పంపుసెట్టు కూడా అద్దెకి తెచ్చుకునేవాడు.

తమ్ముడు: పోనీ, మనిషికి ఇంతకు మించి ఇవ్వకూడదనే హద్దు ఏమైనా పెట్టారా?

మావారు: ఉంది. 1,25,000 డాలర్లుండేది, 2025 చట్టంతో 1,55,000 అయింది. ఆదాయం 9 లక్షల డాలర్లు దాటితే మామూలుగా అసలు అర్హతే లేదు.

తమ్ముడు: మనిషికా, కుటుంబానికా?

మావారు: మనిషికి. భార్యాభర్తలైతే రెండు.

తమ్ముడు: భాగస్తులుంటే?

మావారు: సేద్యంలో పాలుపంచుకునే ప్రతి భాగస్తుడికీ ఒకటి. యాజమాన్యం చూస్తున్నానన్నా పాలుపంచుకున్నట్టే. 2018 చట్టంలో అన్నదమ్ముల పిల్లల్నీ, అక్కచెల్లెళ్ల పిల్లల్నీ, పినతండ్రి పెదతండ్రి పిల్లల్నీ కూడా కుటుంబంలో కలిపారు.

తమ్ముడు: 1973లో మన దగ్గర భూపరిమితి చట్టమొచ్చినప్పుడు ఎడ్ల పేర్ల మీదా కుక్కల పేర్ల మీదా రాసేశారని తాతయ్య నవ్వుతూ చెప్పేవాడు. ఇక్కడ ఇంకా అంత అవసరం రాలేదన్నమాట. మేనల్లుళ్లు సరిపోయారు.

మావారు: నవ్వుకో. కానీ ఒకటి ఆలోచించు. వాషింగ్టన్‌లో ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ ఉంది. 1995 నుంచి ఏ కౌంటీలో ఎవరికి ఎంత ముట్టిందో పేర్లతో సహా జనం ముందు పెట్టింది. దాని లెక్కలోనే, పంటల సబ్సిడీల్లో మూడొంతులకు పైగా పైనున్న పది శాతం మందికే పోతోంది. అన్యాయంగా కనపడుతుంది. కానీ 2022 వ్యవసాయ గణన చూడు: పది లక్షల డాలర్లు, ఆ పైన అమ్మే కమతాలు నూటికి ఆరే, దేశం అమ్మే సరుకులో మూడొంతులకు పైగా వాటిదే. పండించేవాడికే డబ్బు పోతోంది. చిన్న రైతుని బతికించడం వేరే పని. దానికి వేరే పథకం పెట్టు. ఇది ధర కూలినప్పుడు పంట ఆగకుండా చూసే ఏర్పాటు. రెండిటినీ కలిపి తిట్టకు.

ఇది బలమైన మాట. తమ్ముడు కూడా ఒప్పుకున్నాడు, ఒప్పుకుని వేరే దారి పట్టాడు.

తమ్ముడు: ధర కూలినప్పుడన్నారు. కూల్చింది ఎవరు? 2018లో చైనాతో సుంకాల గొడవ పెట్టుకున్నది ఈ ప్రభుత్వమే కదా?

మావారు: ప్రభుత్వమే. దానికి పరిహారం కూడా ప్రభుత్వమే ఇచ్చింది. రెండేళ్లలో 2,300 కోట్ల డాలర్ల దాకా. అది నేను కూడా సమర్థించను. 2019లో కౌంటీకొక రేటు కట్టారు, ఎకరాకి 15 డాలర్ల నుంచి 150 దాకా. ఒకే రైతుకి గట్టుకి అటువైపు ఒక కౌంటీ, ఇటువైపు ఇంకో కౌంటీ. ఒకే సోయా, ఒకే నేల, రెండు రేట్లు. ఆ ఏడాది నా బల్ల ముందు కూర్చున్నవాళ్లకి నేనే సమాధానం చెప్పలేకపోయాను.

మర్నాడు టైరోంజా వెళ్దామన్నది నేను. ఎన్నేళ్లుగా ఇక్కడున్నా మావారు చూడలేదు. పాయిన్‌సెట్ కౌంటీలోనే, ట్రూమన్, మార్క్‌డ్ ట్రీ దాటాక వచ్చే చిన్న ఊరు. 1930ల్లో అక్కడ హెచ్.ఎల్. మిచెల్ అనే ఆయన బట్టల డ్రైక్లీనింగ్ దుకాణం, దాని పక్కనే క్లే ఈస్ట్ అనే ఆయన పెట్రోలు బంకు ఉండేవి. ఇద్దరూ సోషలిస్టులు, కౌలురైతుల సంఘం పెట్టడంలో ముందున్నవాళ్లు. ఆ కట్టడాన్నే ఇప్పుడు ఆర్కాన్సా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు దక్షిణాది కౌలురైతుల మ్యూజియంగా నడుపుతున్నారు.

ఈ దేశంలో రైతుకి ప్రభుత్వం డబ్బివ్వడం మొదలైంది 1933లో. పత్తి ధర పౌండుకి అయిదారు సెంట్లకి పడిపోయిన రోజులు. సరుకు తగ్గితే ధర లేస్తుందని రూజ్‌వెల్ట్ ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చింది. అప్పటికే చేలో ఎదిగిన పత్తిని, కోటి ఎకరాలకి పైగా, దున్ని పారేస్తే డబ్బులిచ్చింది. మరుసటి ఏడాది నుంచి కొంత భూమి బీడు పెడితే దానికి అద్దె అంది. ఆ ఒప్పందం ప్రభుత్వానికీ భూస్వామికీ మధ్య. బీడు పెట్టిన నేలలో పండి ఉండే పత్తికి పౌండుకి నాలుగున్నర సెంట్లు చెల్లింపు. అందులో నాలుగు సెంట్లు భూస్వామివి, అరసెంటు పంటలో వాటాకి సేద్యం చేసే పాలికాపువి. ఆ అరసెంటు కూడా భూస్వామి చేతిమీదుగానే రావాలి. ఆయన దగ్గర పాలికాపుకి ఎప్పుడూ పాత బాకీ ఉంటుంది.

బీడు పెట్టిన భూమికి పాలికాపు ఎందుకు? వెళ్లగొట్టారు. టైరోంజా పక్కన ఫెయిర్‌వ్యూ అనే తోట యజమాని తన పాలికాపుల్ని ఖాళీ చేయించడంతో, 1934 జూలైలో ఒక బడిలో పద్దెనిమిది మంది చేరారు. పదకొండుమంది తెల్లవాళ్లు, ఏడుగురు నల్లవాళ్లు. సంఘం ఒకటి పెట్టాలా, రంగుకొకటి చొప్పున రెండు పెట్టాలా అన్నది మొదటి ప్రశ్న. ఐజాక్ షా అనే పెద్దాయన లేచాడు. 1919లో ఇదే రాష్ట్రంలో ఎలైన్ దగ్గర సంఘం పెట్టుకున్న నల్లజాతి పాలికాపుల్ని ఊచకోత కోసినప్పుడు బతికి బయటపడ్డవాడు. విడిగా ఉంటే ఏమవుతుందో చూసినవాడు. ఒకటే పెడదామన్నాడు, పెట్టారు. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో అది ఎంత తెగింపో, మన పల్లెల్లో పేటకీ ఊరికీ మధ్య దూరం తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

తమ్ముడు ప్రతి బోర్డు ముందూ ఆగి చదివాడు. బయటికొచ్చాక మళ్లీ మొదలు.

తమ్ముడు: చూశారా బావగారూ. మొదటి చెక్కు రాసిన రోజే భూమి గలాయన పేరున రాశారు.

మావారు: రాశారు, తప్పే. కానీ దురుద్దేశం కాదు. ఒప్పందంలో ఏడో క్లాజు పెట్టారు కదా, వీలైనంతవరకు పాలికాపుల్ని తీసెయ్యకూడదని.

తమ్ముడు: ‘వీలైనంతవరకు’ అని రాసింది ఎవరు? పాలికాపులా?

మావారు: వ్యవసాయ శాఖలో న్యాయవిభాగం చూసే జెరోమ్ ఫ్రాంక్ బృందం దానికి గట్టి అర్థమే చెప్పింది. ఉన్న మనుషుల్నే ఉంచాలి, పేరు మార్చి ఇంకొకణ్ణి తెచ్చుకుంటే కుదరదు అని.

తమ్ముడు: చెప్పినందుకు ఏమైంది?

మావారు: 1935 ఫిబ్రవరిలో ఆయన్నీ మరికొందర్నీ సాగనంపారు. మనుషుల లెక్క సరిపోతే చాలు, అదే మనుషులు ఉండక్కర్లేదన్న అర్థం నిలబడింది.

తమ్ముడు: మరి ఇంకేం!

మావారు: ఇంకా ఉంది. చెక్కు సగం పాలికాపుకే ఇచ్చినా వాళ్లు ఆ భూమిలో ఉండేవాళ్లా? ట్రాక్టరొచ్చింది, తర్వాత పత్తి తీసే యంత్రమొచ్చింది. షికాగో, డెట్రాయిట్ ఫ్యాక్టరీలు పిలిచాయి. పాలికాపుతనం ఎలాగూ పోయేదే. పోవాల్సిందే కూడా.

తమ్ముడు: ట్రాక్టరు కొన్న డబ్బెక్కడిదండి? ఆ నాలుగు సెంట్లే కదా. వాణ్ణి పంపించెయ్యడానికి గవర్నమెంటే పెట్టుబడి పెట్టినట్టయింది. పోతే పోనివ్వండి, చేతిలో ఆ రెండు సెంట్లు పట్టుకుని పోయేవాడు కదా షికాగోకి.

మావారు కారు తాళం తీస్తూ ఆగారు. ఆయన వాదనలో డొల్ల దొరికినప్పుడు ఆయనకే ముందు తెలుస్తుంది, అది ఆయనలో నాకు నచ్చే గుణం.

ఇంకో సంగతి నేనే అందించాను. ఆ చెక్కుల లెక్క చూడ్డానికి కౌంటీకొక రైతు కమిటీ వేశారు. తోటల యజమానులే కూర్చున్నారు అందులో. ఆ ఏర్పాటు రూపం మార్చుకుని ఇప్పటికీ ఉంది. ముగ్గురు మొదలు పదకొండుమంది దాకా, రైతులు ఓట్లేసి ఎన్నుకునే కౌంటీ కమిటీ. ఆఫీసరు ఒక్కడి ఇష్టం మీద నడవకుండా స్థానికులుండటం మంచిదే. మా తమ్ముడికి కూడా ఆ మాట మొదట తెగ నచ్చింది, రైతులే రైతుల్ని ఎన్నుకోవడమంటే ఇంకేం కావాలన్నాడు. కానీ దశాబ్దాల తరబడి దక్షిణాదిలో ఆ కమిటీల్లో నల్లవాళ్లు దాదాపు లేరు, అప్పు కాగితాలు ఏ సొరుగులోనో ఉండిపోయేవి. చివరికి పిగ్‌ఫర్డ్ కేసులో 1999లో రాజీ కుదిరి, నల్లజాతి రైతులకి 100 కోట్ల డాలర్లకి పైగా ప్రభుత్వం కట్టాల్సొచ్చింది. అప్పటికి చాలామంది చేతుల్లోంచి భూమి జారిపోయింది.

మావారు: ఇవన్నీ నిజాలే. కానీ ఒప్పుకో, తొంభై ఏళ్లలో చట్టం ఎంత నడిచిందో. 1934లో భూస్వామి పేరున రాశారు. ఇవాళ దున్నేవాడి పేరున రాస్తున్నారు. అన్యాయం ఎక్కడుందో కోర్టులో తేలింది, పరిహారం కట్టారు. ఎవరికి ఎంత ముట్టిందో నువ్వు కూర్చుని చూసుకోవచ్చు. మన ఊళ్లో కౌలుదారు పేరు ఏ కాగితం మీదైనా ఉందా?

తమ్ముడు: ఉండొచ్చు బావగారూ. 2019లో చట్టమొచ్చింది, పంట సాగుదారు హక్కు కార్డులని. దాన్ని పట్టుకుంటే పంట రుణం అడగొచ్చు, పంట పోతే పరిహారం మన పేరున రాస్తారు. అన్నదాత సుఖీభవ కింద ఏడాదికి 20,000 ఇస్తామన్నారు కదా, సెంటు భూమి లేని కౌలుదారుకి అది కూడా ఆ కార్డు ఉంటేనే. అంతా కార్డు మీదే ఉంది. కార్డు మీద భూమి గలాయన సంతకం పెట్టాలి.

మావారు: పెడితే ఏం పోయింది?

తమ్ముడు: ఆ మాట మీరే అన్నారు, నేనేం అనలేదు.

మావారికి అర్థమైంది. తమ్ముడు చేసే ఎనిమిదెకరాల్లో నాలుగు మా మామగారివి.

మావారు: నాన్నగారికి భయమోయ్. 1956 కౌలు చట్టం రోజులు చూసిన మనిషి. కాగితం మీద పేరెక్కితే భూమి తిరిగి రాదని ఆ తరానికి గుండెల్లో ఉండిపోయింది.

తమ్ముడు: కార్డు పదకొండు నెలలే. భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే రాశారు.

మావారు: నాకు తెలుసు. ఆయనకి నువ్వు బయటివాడివి కూడా కాదు. మొన్న మొంథా తుపానుకి చేను పడిపోతే పరిహారం నీకే ఇచ్చేస్తానన్నారు కదా.

తమ్ముడు: అన్నారు. మాట తప్పరు కూడా. బంధువుని కాబట్టి. మా పక్క చేనాయన బంధువు కాదు. ఆయనకెవరిస్తారు? ఒకటి చెప్పండి బావగారూ. ఫిబ్రవరిలో ఇక్కడి రైతు మీ బల్ల ముందు కూర్చుంటాడన్నారు. కౌలు కాగితం లేదండీ, మాకూ మాకూ మాట ఉంది, మంచి కుటుంబం అంటే అప్పిస్తారా?

మావారు: ఇవ్వను.

తమ్ముడు: ఆయ్, అదే నేననేది.

మావారు: ఆదివారం నాన్నగారితో మాట్లాడతాను.

తమ్ముడు: సార్వా పంట ఈ-క్రాప్‌లో నమోదు చేసేలోపు మాట్లాడండి. పదకొండు నెలల కార్డు కదా, వచ్చే ఏడు మళ్లీ అడగాలి.

మావారు: నాలుగెకరాలకే కదా? మిగతా నాలుగూ?

తమ్ముడు: అవి వేరే ఆయనవి. వాళ్లబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. నంబరిస్తాను, మీరోసారి మాట్లాడి చూడండి.